తోటకి నలభై నిమిషాలేంటండీ!

టూర్ ప్లాన్ ఎవరు వేసినా ఒక్కటి మాత్రం మారదు. కోటకి రెండు గంటలు, మ్యూజియంకి రెండు గంటలు, షాపింగ్‌కి ఎంతసేపైనా పర్లేదు. బొటానికల్ గార్డెన్‌కి మాత్రం నలభై నిమిషాలు. అదీ సాయంత్రం పూట, అందరూ కాళ్లీడ్చుకుంటూ నడుస్తున్నప్పుడు. గేటు దగ్గరున్న పూలమడి ముందు నాలుగు ఫొటోలు దిగి బస్సెక్కేస్తారు. వందల ఏళ్లుగా బతుకుతున్న చెట్టు అదే తోటలో ఉంటుంది. దాన్ని చూడకుండానే వెనక్కొచ్చేస్తారు. నాకు కడుపు మండేది ఇక్కడే.

హౌరా దగ్గర శిబ్‌పూర్ గార్డెన్‌లో మా అమ్మకీ నాకూ ఇదే జరిగింది. 1787లో పెట్టిన తోట అది. అక్కడి మహా మర్రి కోసమే వెళ్లాం. గేటు నుంచి చాలా దూరం. టూర్ వాళ్లిచ్చిన టైమ్‌లో సగానికి పైగా నడకకే పోయింది. తీరా దగ్గరికెళ్తే అది చెట్టులా లేదు, చిన్న అడవిలా ఉంది. "మొదలేదిరా?" అని అమ్మ అడిగింది. ఎంత వెతికినా కనిపించదు, ఎందుకంటే మొదలు లేదు. తుఫాను దెబ్బలు తిన్నాక బూజు తెగులు పట్టిందని 1925లో ఆ మూల కాండాన్ని కోసి తీసేశారు. అప్పటినుంచి చెట్టంతా ఊడల మీదే నిలబడి ఉంది. మూడు వేలకు పైగా ఊడలు, నాలుగున్నర ఎకరాల నీడ. చుట్టూ రోడ్డు వేస్తే, దాన్ని కూడా దాటి పాకుతోంది.

కొన్ని ఊడలు ఇంకా నేలకి అందలేదు. చివర్లు పీచులుగా చీలి, కుంచెల్లా గాలిలో ఊగుతున్నాయి. వాటి పక్కనే, నేలని అందుకున్న ఊడ ఒకటి మానై నిలబడింది. తెలియనివాళ్లు చూస్తే వేరే చెట్టనుకుంటారు. అమ్మ కంచె పట్టుకుని ఒక్కో ఊడనీ పైనుంచి కింది దాకా చూస్తోంది. ఇంతలో బస్సు దగ్గరికి రమ్మని ఫోన్. దాని చుట్టూ సగం కూడా తిరగలేకపోయాం.

నేను చెప్పేదొక్కటే. ఏ ఊరికెళ్లినా అక్కడి పాత తోటకి ఒక పొద్దంతా ఇవ్వండి. గేటు తీసే టైమ్‌కే వెళ్లండి. ముందు పూల దగ్గరికి కాదు, అక్కడున్న అన్నిటికంటే పాత చెట్టు దగ్గరికి వెళ్లండి. అదెక్కడుందో తోటమాలిని అడగండి, సంతోషంగా చూపిస్తారు. ఇటలీలోని పాదువాలో 1545లో వైద్య విద్యార్థుల కోసం పెట్టిన తోట ఇప్పటికీ మొదట పెట్టిన చోటే ఉంది. అందులో 1585లో నాటిన ఒక తాటిజాతి చెట్టుంది. జర్మన్ కవి గోథే 1786లో దాన్ని చూశాడు. మొక్కల రూపం ఎలా మారుతుందన్న ఆలోచనకి అది ఆయనకి ఊతమిచ్చింది. ఆ చెట్టు ముందు మనమూ నిలబడొచ్చు.

సింగపూర్ బొటానిక్ గార్డెన్స్‌కి వెళ్లేవాళ్లు ఆర్కిడ్లు చూసి వచ్చేస్తారు. ఆర్కిడ్లు బాగుంటాయి, కాదనను. కానీ 1877లో లండన్‌లోని క్యూ గార్డెన్స్ నుంచి రబ్బరు మొలకలు వచ్చింది ఈ తోటకే. చెట్టు చావకుండా బెరడుకి గాట్లు పెట్టి పాలు తీసే పద్ధతిని ఈ తోట డైరెక్టర్ హెన్రీ రిడ్లీ కుదిర్చింది ఇక్కడే. ఆగ్నేయాసియాలో రబ్బరు తోటలు అంతగా విస్తరించడంలో ఈ తోటది పెద్ద చెయ్యి. తెల్లవారుజామున ఐదింటికే తెరుస్తారు కాబట్టి ఎండ అని సాకు చెప్పడానికి కూడా లేదు.

టైమ్ గురించి ఇంకో మాట. అమెజాన్ పెద్ద కలువ ఉన్న తోటకి మిట్టమధ్యాహ్నం వెళ్తే ఆకులు చూసి రావాల్సిందే. పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, తెల్లగా. దాని అడవిలో అయితే వాసనకి వచ్చిన పెంకుపురుగుల్ని లోపలే ఉంచుకుని మూసుకుంటుంది. మర్నాడు సాయంత్రం గులాబీ రంగులో తెరుచుకుని వాటిని వదిలిపెడుతుంది. అంతా రెండు సాయంత్రాల్లో అయిపోతుంది.

ఇక కంచె దాటి వేళ్ల మీద నిలబడి సెల్ఫీలు తీసుకునేవాళ్లకి చేతులెత్తి దండం పెట్టి చెప్తున్నా, దయచేసి ఆ పని చెయ్యకండి. క్యూ గార్డెన్స్‌లో టర్నర్స్ ఓక్ అనే చెట్టుంది. ఏళ్ల తరబడి జనం తొక్కీ తొక్కీ దాని కింద మట్టి రాయిలా బిగిసిపోయింది. వేళ్లకి గాలి ఆడక చెట్టు నీరసించిపోయింది. 1987 అక్టోబరు తుఫానులో ఆ తోటలో దాదాపు 700 చెట్లు పడిపోయాయి. ఈ ఓక్‌ని మాత్రం గాలి వేళ్లతో సహా పైకి లేపి, మళ్లీ అదే గోతిలో నిలువునా దించేసింది. బతకదనుకున్నారు. మూడేళ్లకి చూస్తే మునుపటికంటే ఏపుగా ఉంది! ఆ కుదుపుకి మట్టి గుల్లబారింది, వేళ్లకి ఊపిరాడింది. తర్వాత మిగతా పెద్ద చెట్ల కింద కూడా గొట్టాలతో గాలి పంపి మట్టిని వదులు చేయడం మొదలుపెట్టారు.

అమ్మని మళ్లీ శిబ్‌పూర్ తీసుకెళ్తున్నా. ఈసారి టూర్ బస్సు లేదు, ఆ రోజుకి ఇంకే ప్లానూ లేదు. ఆ మర్రి చుట్టూ పూర్తిగా తిరిగాకే వస్తాం.