"కృప వచ్చాక దేవుని భయం ఎందుకు?" అనే సందేశానికి జవాబు

ఈమధ్య ఒక సందేశం ఫోన్ నుంచి ఫోన్‌కి తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇదీ: దేవునికి భయపడటం పాత నిబంధన నాటి, అంటే యేసు రాకముందు నాటి మాట. ప్రేమలో భయం ఉండదని యేసు శిష్యుడు యోహానే రాశాడు. కృప కింద, అంటే దేవుడు ఉచితంగా చూపే దయ కింద, ఉన్నవాళ్లకు ఆజ్ఞలతో పని లేదు. భయం, విధేయత అని బోధించేది జనాన్ని గుప్పిట్లో పెట్టుకోవడానికే. చదవగానే గుండె తేలికపడుతుంది, కాదనను. చిన్నప్పట్నుంచీ నరకం పేరుతో బెదిరింపులే విన్నవాళ్లకు మరీను. కానీ బైబిలు తెరిచి చూస్తే చివరి మాటలో తప్ప సరుకు లేదు.

ముందు పాత నిబంధన సంగతి. కొత్త నిబంధనలోని అపొస్తలుల కార్యములు 9:31 తీయండి. యూదయ, గలిలయ, సమరయ ప్రాంతాల సంఘం ప్రభువు భయంలోనూ పరిశుద్ధాత్మ ఆదరణలోనూ నడుస్తూ పెరిగిందని ఉంది. భయం, ఆదరణ పక్కపక్కనే. భయంతో గడపండని పేతురు రాసింది కూడా (1 పేతురు 1:17) దేవుణ్ణి తండ్రీ అని పిలిచేవాళ్లకే.

యోహాను మాట దగ్గర మాత్రం కాస్త ఆగాలి. 1 యోహాను 4:18లో ఆయన చెబుతున్నది ఏ భయమో ఆయనే చెప్పాడు: దండన భయం. సందేశం రాసినవాళ్లు వచనాన్ని అక్కడికి రాకముందే కోసేశారు. ఇంకో ఐదు వచనాలు దాటితే, దేవుని ఆజ్ఞలు గైకొనడమే ఆయన్ని ప్రేమించడం అని అదే యోహాను రాశాడు (5:3).

మోషే అయితే రెండు భయాల్నీ ఒక్క వచనంలోనే చెప్పేశాడు. సీనాయి కొండ పొగలు కక్కుతోంది, జనం దూరంగా నిలబడి వణుకుతున్నారు. "భయపడకుడి" అంటూనే, మీరు పాపం చేయకుండా ఆయన భయం మీకు కలగాలనే దేవుడు వచ్చాడంటాడు (నిర్గమ 20:20). ఒక భయం దేవుని దగ్గర్నుంచి పారిపొమ్మంటుంది, ఇంకోటి పాపం దగ్గర్నుంచి. మన బైబిల్లో చాలాచోట్ల 'భయభక్తులు' అని జంటగా కనిపించేది ఈ రెండోదే. కీర్తన 130:4 చూడండి: "జనులు నీయందు భయభక్తులు నిలుపునట్లు నీయొద్ద క్షమాపణ దొరుకును." ఇది నాకు చాలాకాలం తలకిందులుగా అనిపించేది. క్షమిస్తే భయం పోవాలి కదా? కానీ తీర్చలేని అప్పు కొట్టేసినవాడి ముందు మళ్లీ అదే తప్పు చేయాలంటే కాళ్లు ఆడవు. అదీ ఆ భయం.

కృప కింద ఆజ్ఞల్లేవని, మీరు కృపకే గాని ధర్మశాస్త్రానికి లోనైనవారు కారన్న రోమా 6:14 చూపిస్తారు. మరి 15వ వచనం? అందుకని పాపం చేద్దామా అని ఆ పత్రిక రాసిన పౌలే అడిగి, ఎన్నటికీ కూడదంటాడు.

ఇంతకీ ఈ భయం రోజువారీ బతుకులో ఎలా ఉంటుంది? చెవిటివాణ్ణి తిట్టొద్దు, గుడ్డివాడి ముందు అడ్డం వేయొద్దు, నీ దేవునికి భయపడు అంటుంది లేవీయకాండం 19:14. మనం తిట్టింది చెవిటివాడికి వినపడదు. అడ్డం పెట్టింది ఎవరో గుడ్డివాడికి కనపడదు. ఫిర్యాదు లేదు, సాక్షి లేడు. చదువురాని మనిషి చేత కాగితం మీద వేలిముద్ర వేయించుకునే వాడికి కూడా ఆ క్షణంలో కావలసింది ఈ భయమే.

ఇక గుప్పిట్లో పెట్టుకోవడం. ఇది నిజమే, అలాంటి నాయకులున్నారు. దేవుని పేరు చెప్పి తమ మాట చెల్లించుకుంటారు. కానీ అది బైబిలు నేర్పిన భయం కాదు. హెబ్రీయుల మగబిడ్డల్ని చంపమని ఐగుప్తు రాజు ఆజ్ఞాపిస్తే షిఫ్రా, పూయా అనే మంత్రసానులు చంపలేదు. కారణం ఒక్కటే, వాళ్లు దేవునికి భయపడ్డారు (నిర్గమ 1:17). మనుషులకు కాదు, దేవునికే లోబడాలని యూదుల మహాసభ ముందు పేతురూ అపొస్తలులూ అన్నదీ ఇదే తెగువతో (అపొ. కా. 5:29). అన్నట్టు, లేవీయకాండం 25:43లో కఠినంగా ఏలొద్దు, నీ దేవునికి భయపడు అన్న మాట ఎవరితో అన్నదో గమనించారా? పనివాడితో కాదు, యజమానితో.