అధిక శ్రావణంలో ఆఫర్ బండి

కొత్త పికప్ బండి చౌకగా దక్కాలంటే ఆషాఢమాసమే అదునని మా మేనమామ సిద్ధాంతం. పెళ్లిళ్లూ గృహప్రవేశాలూ లేని ఆ నెలలో షోరూముల వాళ్లు ఈగలు తోలుకుంటూ కూర్చుంటారు కనుక, నెలాఖరు టార్గెట్ కోసం వాళ్లంతట వాళ్లే దిగివస్తారని ఆయన లెక్క. ఆ లెక్కలో తప్పేమీ లేదు. గుర్రంకొండ చుట్టుపక్కల పల్లెల నుంచి మదనపల్లె మార్కెట్ యార్డుకు టమోటా క్రేట్లు తోలే మామ, సీజనులో తన ట్రాలీ ఆటో చాలక అద్దె బండ్లకు డబ్బు పోసి పోసి విసిగిపోయి, 2023 ఆషాఢంలో ఆ ఆటోను మార్చి ఒకటిన్నర టన్ను మోసే పికప్ తీసుకోవాలని నిశ్చయించుకున్నారు. ఎరువుల దుకాణంలో లెక్కలు రాసేవాణ్ణి కనుక నన్నూ వెంటబెట్టుకుని పోయారు.

షోరూములో ఫైనాన్సు కుర్రవాడు మామకు కుర్చీ చూపించి, టీ తెప్పించి, ఒక తెల్లకాగితం మీద బొటనవేలంత ఏడంకె వేసి, దాని చుట్టూ సున్నా చుట్టాడు. "వడ్డీ ఏడే అన్నా. బయట ఎక్కడైనా విచారించుకోండి" అన్నాడు. ఆ సున్నాకు ఆనుకుని చీమతలకాయంత అక్షరాలతో 'ఫ్లాట్' అని ఉంది. కంటిచూపు కొంచెం మందగించిన మామకు సున్నా కనిపించింది గానీ ఆ మాట కనిపించలేదు.

ఫ్లాట్ వడ్డీ సంగతి ఇక్కడ చెప్పుకోక తప్పదు. ఎనిమిది లక్షల అప్పును నాలుగేళ్లలో తీరుస్తామనుకుందాం. అసలు నెలనెలా తగ్గుతూ వస్తున్నా, ఆఖరి నెలలో చేతిలో మిగిలిన బాకీ పాతికవేలకు మించకపోయినా, ఈ పద్ధతిలో మాత్రం నాలుగేళ్లూ మొత్తం ఎనిమిది లక్షల మీదే ఏడు శాతం వేస్తారు. వడ్డీ 2,24,000 రూపాయలు, నెల వాయిదా 21,333 రూపాయలు అవుతుంది. ఇదే వాయిదాను తగ్గే బాకీ మీద లెక్కగడితే వడ్డీ 12.7 శాతం దాకా తేలుతుంది. మా మండల కేంద్రంలోని బ్యాంకు అప్పట్లో తగ్గే బాకీ మీద పదిన్నర శాతానికి ఇస్తామంది. ఆ లెక్కన వాయిదా 20,483 రూపాయలే.

నేను ఇదంతా కాగితం వెనకవైపు వేసి చూపిస్తే మామ ఓపికగా విని, "ఏడు తక్కువా, పదిన్నర తక్కువా?" అని అడిగారు. ఏడే తక్కువని ఒప్పుకోవలసి వచ్చింది. కుర్రవాడు నావైపు జాలిగా చూసి, తమ ఫైనాన్సు తీసుకుంటేనే పాతికవేల డిస్కౌంటు వర్తిస్తుందని మెల్లగా బయటపెట్టాడు. ఆ పాతికవేల కోసం నాలుగేళ్లలో నలభై వేల పైచిలుకు ఎక్కువ కడతామని నేను మొత్తుకున్నాను. "డిస్కౌంటు ఈరోజే కంటికి కనపడుతుంది, వడ్డీ ఎవరికి కనపడింది?" అన్నారు మామ. 2024 అక్టోబరు 1 నుంచి మంజూరయ్యే ఇలాంటి అప్పులకు, అన్ని ఖర్చులూ కలిపిన ఏడాది వడ్డీ రేటు ఎంతో ఒక కాగితం మీద ముందుగానే రాసివ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ కాగితం అప్పుడే ఉన్నా మామ దానిలోనూ సున్నా చుట్టిన అంకెనే వెతికి ఉండేవారని నా అనుమానం.

ఎక్స్చేంజి బోనస్ కథ పొట్టిది. ఊళ్లో మెకానిక్కు తొంభై వేలకు అడిగిన ఆటోకు షోరూము వాళ్లు డెబ్బై వేలు ధర కట్టి, దానిమీద పదిహేను వేలు బోనస్ ప్రకటించి, మామ చేత రెండుసార్లు థాంక్స్ చెప్పించుకున్నారు.

ఇక మామ అసలు ఎత్తు ఇది. ఆఫరు జూలై 31 దాకా ఉంది. ఆషాఢం జూలై 17తో ముగుస్తుంది. కాబట్టి ఆషాఢపు ధరకు బుక్ చేసి, శ్రావణంలో బిల్లు వేయించి, డిస్కౌంటునూ ముహూర్తాన్నీ ఒకేసారి చేజిక్కించుకోవచ్చు. అప్పు కాగితాల మీద సంతకాలన్నీ అయ్యాక ఇంటికి వచ్చి ఈ మాట చెబితే, అవ్వ వసారాలో కూర్చుని పంచాంగం తిరగేసి, "రేయ్, ఇది అధిక శ్రావణంరా, ముహూర్తాలు లేని నెల. నిజ శ్రావణం ఆగస్టు 17కు గానీ రాదు" అంది. మామ నోట మాట రాలేదు. జూలై దాటితే డిస్కౌంటు పోతుంది, ఆగస్టు సగం గడవకపోతే బండి గడప తొక్కదు.

చివరికి మధ్యేమార్గం కుదిరింది: జూలైలోనే బిల్లు వేసి, రిజిస్ట్రేషన్ చేయించి, బండిని మాత్రం వరలక్ష్మీ వ్రతం నాటిదాకా షోరూము వాళ్ల యార్డులోనే నిలిపి ఉంచడం. తాళం ఇంట్లోకి రాకూడదని అవ్వ కట్టడి చేయడంతో, అది గొర్రెల కొట్టంలో మేకుకు వేలాడింది. మామ రోజూ మార్కెట్ పని మీద పోతున్నానని చెప్పి, మేకు మీది తాళం తీసుకుని యార్డుకు పోయి, ప్లాస్టిక్ కవరు కూడా విప్పని సీట్లో కూర్చుని, ఇంజను ముట్టకుండా పాటలు పెట్టుకుని, లైట్లు వేసి చూసుకుని, ఒకసారి హారన్ కొట్టి వచ్చేవారు. నడిపితేనే దోషం, కూర్చుంటే కాదని ఆయన శాస్త్రం.

సరిగ్గా ఆ రోజుల్లోనే మదనపల్లెలో మొదటిరకం టమోటా కిలో రెండు వందలకు చేరువైంది. క్రేటుకు కాపలా పెట్టుకునే కాలమది. అద్దె బండ్లవాళ్లు అడిగిందే రేటు. మామ సొంత బండిని యార్డులో పెట్టుకుని అద్దె బండి వెనక మోటారు సైకిలు మీద పోతుండగా, ఆగస్టు 10న ఫోనుకు మెసేజి వచ్చింది. ఖాతాలోంచి 21,333 రూపాయలు మినహాయించారు. చక్రం కదలకముందే మొదటి వాయిదా కదిలిపోయింది. బీమా అప్పటికే జూలై నుంచి నడుస్తూ ఉంది.

ఆగస్టు 25 శుక్రవారం బంధువులందరూ యార్డుకు చేరారు. బంతిపూల దండ వేశారు, గుమ్మడికాయ కొట్టారు, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. మామ తాళం తిప్పితే బండి ఒకసారి 'టిక్' మని ఊరుకుంది. అన్నాళ్ల పాటలకూ లైట్లకూ బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. వర్జ్యం వచ్చేస్తోందని అవ్వ కేకలు పెడుతుంటే, పట్టుపంచెలు ఎగగట్టి మేమందరం వెనక నుంచి నెట్టాము. మూడు నిమ్మకాయలు నలిగాయి గానీ నాలుగోది పక్కకు జారి కాలువలో పడింది. దాన్ని వెతికి తెచ్చి, బండిని వెనక్కి నెట్టి, మళ్లీ ముందుకు నెట్టిన తరువాత గానీ అవ్వ శాంతించలేదు. ఇదంతా ఫోటో తీసిన షోరూము వాళ్లు, 'ఆనందంగా డెలివరీ తీసుకుంటున్న కస్టమరు' అని గోడకు అంటించారు.

టమోటా ధర అప్పటికే కిందికి దిగుతోంది. సెప్టెంబరులో కర్నూలు వైపు రైతులు గిట్టుబాటు కాక కాయలను రోడ్ల పక్కన పారబోశారు. మామ కొత్త బండి తొలి సీజనంతా ఎక్కువగా మోసింది వేరుశనగ కట్టె.

2025 సెప్టెంబరు 22న సరుకు రవాణా వాహనాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. మామ సంపాదించిన డిస్కౌంట్లన్నీ కలిపినా ఆ తగ్గింపులో సగానికి కాస్త అటూఇటూ. నేను ఆ వార్త చదివి వినిపిస్తే అవ్వ పంచాంగం అందుకుని చూసి, ఆరోజు ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి, నవరాత్రుల తొలిరోజని తేల్చి, "చూడు, సర్కారువాళ్లు కూడా మంచిరోజు చూసే తగ్గించారు. ఇప్పుడు తీసుకోరా నాయనా ఇంకొకటి" అంది. మామకు అప్పటికి ఇంకా ఇరవై రెండు వాయిదాలు మిగిలి ఉన్నాయి.