సవరణ: పాత సర్ఫ్‌బోర్డుకు లీష్ ప్లగ్

పాత సర్ఫ్‌బోర్డు తోకవైపు గుంట తవ్వి, కాలితాడు కట్టుకునే ప్లగ్ పెట్టుకోవచ్చని పోయిన వారం రాశాను. అంతవరకూ సరే. ఆ ప్లగ్‌ను అతికించడానికి "ఏ రెజిన్ (గట్టిపడే జిగురు ద్రవం) అయినా ఫర్వాలేదు" అన్నదే తప్పు.

బోర్డు లోపల పాలీయురెథేన్ ఫోమ్ ఉంటే పాలియెస్టర్ రెజిన్ సరిపోతుంది. పాలీస్టైరీన్ (థర్మాకోల్ రకం ఫోమ్) ఉంటే ఎపాక్సీ రెజినే వాడాలి. పాలియెస్టర్ రెజిన్‌లోని స్టైరీన్ ఆ ఫోమ్‌ను కరిగించేస్తుంది. ఈ మాట మీద అనుమానముంటే థర్మాకోల్ ముక్క మీద పాలియెస్టర్ రెజిన్ రెండు చుక్కలు వేసి చూడండి. నేను నేరుగా బోర్డు మీదే చూశాను, ఆ బాధ వేరే.

అనంతపురంలో సముద్రమెక్కడిదని నవ్వినవాళ్లకు: సర్ఫింగ్ రుషికొండలో, మరమ్మతు మా మేడ మీద. ఇక్కడి ఎండకు రెజిన్ కప్పులోనే బిగుసుకుపోతుంది, పొద్దున్నే కొంచెం కొంచెంగా కలుపుకోండి. అలాగని ఎపాక్సీలో హార్డెనర్ (దాన్ని గట్టిపరిచే ద్రవం) తగ్గించకండి. కొలత తప్పితే జిగటగానే ఉండిపోతుంది.