స్కాన్‌లో నాలుగు కిలోలు దాటితే

ఈ వాదం కోసం పెట్టుకున్నది ఊహించిన కేసు, అయితే లేబర్ రూములో పనిచేసేవాళ్లెవరికైనా ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే. వయసు 27, ఎత్తు 150 సెంటీమీటర్లు, రెండో కాన్పు. మొదటి బిడ్డ 3.4 కిలోలు, మామూలు కాన్పు. ఈసారి కడుపుతో ఉండగా షుగరు వచ్చింది, ఇన్సులిన్ నడుస్తోంది. 38 వారాల స్కాన్‌లో బిడ్డ అంచనా బరువు 4.1 కిలోలు. భయం ఏమిటంటే, తల బయటికొచ్చాక బిడ్డ భుజం తల్లి ముందు కటి ఎముక వెనక పట్టేస్తుందేమోనని. దాన్నే షోల్డర్ డిస్టోషియా అంటారు. ఆపరేషన్‌కి తేదీ రాద్దామని అసిస్టెంట్ డాక్టరు, నొప్పులు రానిద్దామని ప్రొఫెసరమ్మ.

అసిస్టెంట్: నాకైతే ఇందులో తటపటాయింపు లేదు మేడమ్. గర్భిణుల షుగరు మీద కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది, అంచనా బరువు 4 కిలోలు దాటితే 39 వారాలకి సిజేరియన్ సంగతి ఆలోచించమని.

ప్రొఫెసర్: ఆలోచించమంది, కోసెయ్యమనలేదు. అయినా ఆ 4.1 ఎవరు తూచి చెప్పారమ్మా? తల కొలత, పొట్ట చుట్టుకొలత, తొడ ఎముక పొడవు తీసుకుని సూత్రంలో వేస్తే వచ్చిన లెక్క. నెలలు నిండిన బిడ్డకి అది పది శాతం అటూ ఇటూ అవడం మామూలే. ఆ బిడ్డ 3.7 అయినా కావచ్చు, 4.5 అయినా కావచ్చు. అమెరికా వాళ్లు షుగరున్న తల్లికి 4.5, లేని తల్లికి 5 కిలోల దగ్గర గీత గీశారు. బ్రిటన్‌లోనూ షుగరుంటే 4.5.

అసిస్టెంట్: వాళ్ల తల్లుల ఒడ్డూ పొడుగూ వేరు కదా మేడమ్. 150 సెంటీమీటర్ల మనిషికి అక్కడి గీత ఎలా సరిపోతుంది? పైగా ఇక్కడ బరువొక్కటే చూస్తే చాలదు. షుగరు తల్లి బిడ్డకి కొవ్వు తలకి పట్టదు. భుజాలకీ ఛాతీకీ పొట్టకీ పడుతుంది. తల చక్కగా దిగి మనల్ని నమ్మిస్తుంది, ఆ తర్వాత భుజం మొండికేస్తుంది. ఇదే 4.1 షుగరు లేని తల్లికి వస్తే నేనింత పట్టుబట్టను.

ప్రొఫెసర్: కొవ్వు సంగతి నిజమే. కానీ నీ గీత ఎంతమందిని కాపాడుతుందో చూడు. బ్రిటన్ ప్రసూతి వైద్యుల కాలేజీ లెక్కలో, భుజం పట్టేసిన కాన్పుల్లో 48 శాతం బిడ్డలు 4 కిలోల లోపువాళ్లే. సగం ప్రమాదం గీతకి ఇవతలే జరిగిపోతోంది. మరి గీతకి అవతల? 1996లో అమెరికాలో వేసిన లెక్క ఉంది. 4.5 కిలోలు దాటితే అందరికీ సిజేరియన్ అనే పద్ధతి పెట్టుకుంటే, భుజం పట్టేసి నరాలు దెబ్బతిని ఒక్క బిడ్డకి చెయ్యి శాశ్వతంగా పడిపోకుండా కాపాడ్డానికి షుగరు లేని తల్లుల్లో 3,695 ఆపరేషన్లు కావాలి. షుగరున్నవాళ్లలో 443.

అసిస్టెంట్: 443 మరీ వెర్రి అంకె కాదు మేడమ్. ఎవరో ఒకరి బిడ్డ జీవితాంతం చెయ్యి వేలాడేసుకుని తిరగకుండా ఉండడానికి...

ప్రొఫెసర్: ఆ మిగతా 442 మంది పొట్టలు ఎవరివి? వాళ్లు మళ్లీ కడుపుతో వస్తారు. మాయ కిందికి ఉండి, అంతకుముందు ఒక కోత ఉంటే, ఆ మాయ గర్భసంచి గోడలోకి దిగిపోయే అవకాశం మూడో కోతకి, నాలుగో కోతకి ఎలా ఎక్కుతుందో 2006 నాటి అమెరికా లెక్క చెబుతుంది. మాయ కిందికి ఉన్నవాళ్లలో మొదటి సిజేరియన్‌లో 3 శాతం, రెండోసారి 11, మూడోసారి 40, నాలుగోసారి 61. అలాంటి కేసులో రక్తం కొట్టుకుపోతుంటే గర్భసంచి తీసెయ్యాల్సి వస్తుంది. ఇప్పటికే తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లని 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ప్రైవేటులోనైతే 81 దాటింది. కోతకి కారణాలు మనకేం కరువు లేవు, కొత్తది ఒకటి వెతుక్కోవాలా?

(రాష్ట్రం అంకె వింటే ఎవరైనా తగ్గుతారు. కానీ ఆ అంకెలో అవసరం లేని కోతలు ఎన్నున్నా, ఈ తల్లికి కోత అవసరమా కాదా అన్నది దాంతో తేలదు. అసిస్టెంట్ కూడా ఆ అంకె జోలికి పోలేదు.)

అసిస్టెంట్: రాష్ట్రం లెక్క ఈవిడ చెవిన వెయ్యలేం మేడమ్. ఈవిడకి ఇద్దరు పిల్లలతో చాలనుకుంటే మూడో కోత, నాలుగో కోత మాటే రాదు. ఆ సంగతి మనం అడిగామా? మాంట్‌గోమరీ కేసు నాకు గుర్తొచ్చేది ఇక్కడే.

ప్రొఫెసర్: చెప్పు, వింటాను.

అసిస్టెంట్: స్కాట్లండ్‌లోని లానార్క్‌షైర్. నాడీన్ మాంట్‌గోమరీ పొట్టి మనిషి, చిన్నప్పటి నుంచీ ఇన్సులిన్ షుగరు. 36 వారాల స్కాన్ చూసి డాక్టరు 38 వారాలకి 3.9 కిలోలు ఉంటుందని అంచనా కట్టింది. 4 దాటితే సిజేరియన్ ఇవ్వజూపేదాన్నని ఆ డాక్టరే తర్వాత చెప్పింది. కానీ నొప్పులు తెప్పించాలనుకున్నది 38 వారాల 5 రోజులకి. ఆ రోజుకి కట్టి ఉంటే అంచనా 4 దాటేది. ఆ అయిదు రోజులు లెక్కలోకి రాలేదు. 1999 అక్టోబర్ 1న పుట్టిన బిడ్డ 4.25 కిలోలు. తల వచ్చాక ఒళ్లు రావడానికి 12 నిమిషాలు పట్టింది. కటి ఎముక కీలు కోద్దామని చూస్తే, బ్లేడు బిగించి ఉన్న స్కాల్పెల్ దొరకలేదు. వాడిన బ్లేడ్లు కీలు పూర్తిగా తెగకముందే ఊడొచ్చాయి. బిడ్డకి మెదడు దెబ్బతింది, ఒక చెయ్యి నరాలూ దెబ్బతిన్నాయి.

ప్రొఫెసర్: నిజమే, ఆ 12 నిమిషాలు చదివితే ఒళ్లు జలదరిస్తుంది. కానీ కోర్టులో డాక్టరు పక్షం ఓడిపోయింది 12 నిమిషాల మీద కాదు.

అసిస్టెంట్: అదే కదా మేడమ్! ముందుగా చెప్పకపోవడం మీద. షుగరు తల్లికి భుజం పట్టేసే ప్రమాదం 9 నుంచి 10 శాతం. చెబితే అందరూ సిజేరియనే అడుగుతారు, అది తల్లులకి మంచిది కాదనుకుని డాక్టరు ఆ ప్రమాదం చెప్పలేదు. అచ్చం మీరన్నట్టే. 2015 మార్చి 11న బ్రిటన్ సుప్రీంకోర్టు అది చెల్లదంది. ఆ స్థితిలో ఉన్న మామూలు మనిషికి ముఖ్యమనిపించే ప్రమాదమైతే చెప్పి తీరాలని, డాక్టర్లంతా చెప్పడం లేదన్నది జవాబు కాదని తేల్చింది.

ప్రొఫెసర్: అది వాళ్ల కోర్టు. మన సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో దారి వేరు చేసింది. తగినంత సమాచారం చెప్పాలి, వేరే మార్గాలు చెప్పాలి, పెద్ద ప్రమాదాలు చెప్పాలి. ఎక్కడో అరుదుగా జరిగేవన్నీ ఏకరువు పెట్టక్కర్లేదంది. చెయ్యి శాశ్వతంగా పడిపోవడం అరుదే. ఆక్సిజన్ అందక మెదడు దెబ్బతినడం ఇంకా అరుదు, మాంట్‌గోమరీ తీర్పులోనే 0.1 శాతం కంటే తక్కువ అని ఉంది.

అసిస్టెంట్: మీరు చివరి అంకె చూస్తున్నారు, నేను మొదటి అంకె చూస్తున్నాను. పదిమందిలో ఒకరికి భుజం పట్టేస్తుందంటే అది అరుదు కాదు. బిడ్డ బాగానే బయటపడ్డా తల్లి మీద ఎంత జరుగుతుందో చూడండి. భుజం పట్టేసినవాళ్లలో కాన్పు తర్వాత రక్తస్రావం 11 శాతం, మలద్వారం దాకా చీలడం 3.8 శాతం. పదిమంది మీద పడి కాళ్లు విరిచిపట్టుకుని, లోపల చెయ్యి పెట్టి తీస్తారని ఆవిడకి ముందే తెలియక్కర్లేదా? సమీరా కోహ్లీ ప్రకారం కూడా ఇది చెప్పాల్సిందే మేడమ్.

(ప్రొఫెసరమ్మ కాసేపు కేస్ షీటు తిరగేసింది. అంగీకార పత్రం మీద సంతకం ఉంది. దేనికి అంగీకరించారో రాయాల్సిన గీత ఖాళీగా ఉంది.)

ప్రొఫెసర్: సరే, చెప్పాలి. చెబితే ఆవిడేమంటుందో నీకూ తెలుసు. "మీరెలా అంటే అలా మేడమ్" అంటుంది. అత్తగారు "ముహూర్తం చూడమంటారా?" అంటుంది.

అసిస్టెంట్: మనం చెప్పే తీరు అలా ఉంటే అలాగే అంటారు. "బిడ్డ పెద్దగా ఉంది, రిస్కు, ఆపరేషన్ చేద్దామా?" అంటే వద్దనేవాళ్లెవరు? "ఏం కాదులే, మొదటిది అయింది కదా" అంటే కావాలనేవాళ్లెవరు? రెండూ మన నిర్ణయాన్ని ఆవిడ నోట పలికించడమే.

ప్రొఫెసర్: మరి నువ్వెలా చెబుతావు? చెప్పి చూపించు.

అసిస్టెంట్: "అమ్మా, నీలాగా షుగరున్న వందమంది మామూలుగా కంటే, తొంభైమందికి భుజం పట్టెయ్యదు. తొమ్మిది, పదిమందికి తల వచ్చాక భుజం పట్టేస్తుంది. వాళ్లలో దాదాపు అందరి బిడ్డల్నీ నిమిషాల్లో తీసేస్తాం. కొందరికి చెయ్యి కొన్నాళ్లు సరిగ్గా ఆడదు, ఎక్కువమందికి తిరిగి వస్తుంది, ఎక్కడో ఒకరికి రాదు. ఆపరేషన్ చేస్తే ఈ భయం దాదాపు ఉండదు. కానీ నీకు కోత, కుట్లు, కోలుకోవడానికి వారాలు. మళ్లీ కనాలనుకుంటే ఆ కాన్పు ప్రమాదం పెరుగుతుంది. ఇంకా పిల్లలు కావాలా?" ఇంతే. చివరి ప్రశ్నకి జవాబు అత్తగారు బయట ఉన్నప్పుడు తీసుకోవాలి.

ప్రొఫెసర్: బాగానే ఉంది. ఒకటి వదిలేశావు, మూడో దారి. నొప్పులు ముందే తెప్పించడం.

అసిస్టెంట్: 38 వారాలకి తెప్పిస్తే బిడ్డ ఇంకా పెరగదు, అంతేనా? ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, బెల్జియంలో చేసిన అధ్యయనం 2015లో వచ్చింది. భుజం గట్టిగా పట్టెయ్యడం, ఎముక విరగడం లాంటివన్నీ కలిపి 6 శాతం నుంచి 2 శాతానికి తగ్గాయి. కానీ ఇన్సులిన్ వాడే తల్లుల్ని అందులో చేర్చుకోలేదు. 2025లో బ్రిటన్ వాళ్లు షుగరు లేని తల్లుల్లో చేస్తే తేడా 3.1కి 2.3 మాత్రమే, గట్టిగా చెప్పలేనంత. దాన్ని పట్టుకుని ఈవిడకి హామీ ఇవ్వలేను.

ప్రొఫెసర్: హామీ ఇవ్వమనడం లేదు. రెండో కాన్పు, గర్భసంచి ముఖద్వారం మెత్తబడి ఉంటే నొప్పులు త్వరగా పడతాయి. నా షరతు వేరే ఉంది, దాన్ని ఎవరూ రాయరు. ముక్కే దశలో తల పైనే ఆగిపోతే, తలకి కప్పు తగిలించి లాగే వ్యాక్యూమ్ పెట్టకూడదు. పెద్ద బిడ్డ, సాగిన ముక్కుడు, వ్యాక్యూమ్, ఈ మూడూ కలిస్తే భుజం పట్టేస్తుందనే అనుకోవాలి. లోపల ఇరుకని తల చెబుతుంటే, దాన్ని లాగి బయటికి తెచ్చి భుజాన్ని లోపల వదిలేస్తాం. అక్కడ ఆగి ఆపరేషన్ థియేటర్‌కి వెళ్లాలి. ఇది కేస్ షీటులో ఎర్ర ఇంకుతో రాయాలి, రాత్రి డ్యూటీలో ఎవరున్నా కనబడేలా.

అసిస్టెంట్: రాత్రి డ్యూటీ అన్నారు కాబట్టే అడుగుతున్నాను మేడమ్. మీ చేతిమీద నాకు అనుమానం లేదు. తెల్లవారుజామున మూడింటికి మీ చెయ్యి ఉండదు. తల బయటికొచ్చి తాబేలు తలలా లోపలికి లాక్కుంటే, ఉన్న పీజీ, ఇంకా నేర్చుకుంటున్న డాక్టరు, ఏం చేస్తుంది? తల పట్టుకుని కిందికి వంచి లాగుతుంది. మెడ నరాలు తెగేది అక్కడే. ఆయా పొట్ట పైభాగం మీద పడి తోస్తుంది. దాంతో భుజం ఎముకకి ఇంకా గట్టిగా బిగుసుకుంటుంది, గర్భసంచి పగలొచ్చు కూడా.

ప్రొఫెసర్: దానికి మందు సిజేరియన్ కాదు, నేర్పడం. బ్రిటన్‌లోని బ్రిస్టల్‌లో లేబర్ రూము అందరికీ కలిపి బొమ్మ మీద సాధన పెట్టారు. భుజం పట్టేసిన కాన్పుల్లో పుట్టేటప్పుడు బిడ్డకి దెబ్బ తగలడం 9.3 శాతం నుంచి 2.3కి దిగింది. పన్నెండేళ్ల తర్వాత చూస్తే శాశ్వతంగా చెయ్యి పడిపోయిన బిడ్డ ఒక్కరూ లేరు. బిడ్డ పెద్దగా ఉన్న రోజు మాత్రమే కాదు, ఆ 48 శాతానికి కూడా పనికొచ్చేది ఇదొక్కటే.

అసిస్టెంట్: ఇక్కడ ఎవరికి వచ్చు చెప్పండి?

ప్రొఫెసర్: నీకొచ్చు, చెప్పు.

అసిస్టెంట్: భుజం పట్టిందని గట్టిగా అరిచి చెప్పాలి. టైము రాయడానికి ఒకరు. ముక్కమ్మా అనడం ఆపాలి. మంచం తల వంచి, ఇద్దరు రెండు తొడల్నీ పొట్టమీదికి పూర్తిగా మడవాలి. దాంతో కటి ఎముక పైకి తిరుగుతుంది, నడుము వంపు చదునవుతుంది. తలని వంచకుండా మామూలు కాన్పులో లాగినంతే, వెన్నుకి సూటిగా. రాకపోతే మూడో మనిషి బిడ్డ వీపు ఉన్న వైపు నిలబడి, ముందు ఎముకకి సరిగ్గా పైన అరచేతి మడమతో కిందికీ పక్కకీ 30 సెకన్లు నొక్కాలి. చాలావరకు ఇక్కడికే వచ్చేస్తుంది. రాకపోతే బిడ్డ వెనకవైపు చెయ్యిని బయటికి తియ్యాలి.

ప్రొఫెసర్: చెయ్యి ఎటునుంచి పెడతావు?

అసిస్టెంట్: పక్కల నుంచి కాదు, కింద నడుము ఎముక గుంతలోంచి, అక్కడే చోటుంటుంది. ఇరుకు గాజు తొడిగించుకునేటప్పుడు బొటనవేలు లోపలికి మడిచి చెయ్యి సన్నం చేస్తాం చూడండి, అలా మొత్తం చెయ్యి లోపలికి. బిడ్డ మణికట్టు పట్టుకుని ఛాతీ మీదుగా ముఖం మీంచి బయటికి. చెయ్యి ఎముక విరిగినా వారాల్లో అతుకుతుంది, తెగిన నరం అతకదు. వీలుకాకపోతే భుజాల్ని తిప్పడం, తల్లిని మోకాళ్ల మీద బోర్లా తిప్పడం. కాన్పుదారి దగ్గర పెట్టే కుట్ల కోత చెయ్యి పెట్టడానికి చోటిస్తుంది తప్ప ఎముకని వదులు చెయ్యదు. హాంకాంగ్ లెక్కలో అయిదు నిమిషాల లోపు తీస్తే మెదడు దెబ్బ 0.5 శాతం, దాటితే 23.5.

ప్రొఫెసర్: ఇంత తెలిసినదానివి ఆపరేషన్ అంటావేమ్మా?

అసిస్టెంట్: తెలుసు కాబట్టే మేడమ్. ఆవిడ వద్దంటే నేనే కాన్పు చేస్తాను. కావాలంటే మాత్రం 4.1 తక్కువ అని మీరు తిప్పి పంపకూడదు.

ప్రొఫెసర్: పంపను. పిలు ఆవిణ్ని, అత్తగార్ని కాసేపు బయట కూర్చోమను. అన్నట్టు, మూడో మనిషి పైనుంచి నొక్కాలన్నావు. సిస్టర్ పొట్టిది, మంచం ఎత్తు. రెండో టేబుల్ దగ్గర ఎక్కి నిలబడ్డానికి స్టూలు ఉందా?

అసిస్టెంట్: లేదు మేడమ్. మందుల గదిలో ఉంది.

ప్రొఫెసర్: ముందు అది తెప్పించు.