గుండ్లు గీయించే ఊళ్లో చిన్న కుర్చీ కరువు

నిన్న ఆదివారం రాత్రి రైల్వే స్టేషన్ దరిదాపుల్లోని ఒక హోటల్లో మా పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఎడమ చేత్తో దాని రెండు చేతులూ పట్టుకుని, కుడి చేత్తో ఇడ్లీ తుంచుతున్నాను. నా కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని వెనక ఒక కుటుంబం కుటుంబమంతా నిలబడి ఉంది. తిరుపతిలో ఇది మామూలే. మనం సగం దోసె దగ్గర ఉండగానే మన సీటుకు వారసులు వచ్చేస్తారు. వాళ్లలో పెద్దాయన భుజం మీద ఏడాది నిండిందో లేదో తెలియని పిల్లవాడు. నున్నటి గుండు, దాని మీద ఆరిపోయిన గంధం. పక్క బల్ల దగ్గర ఇంకో గుండు. టోకెన్ల వరుసలో మరో రెండు.

పిల్లలను కూర్చోబెట్టే ఎత్తు కుర్చీ ఏదైనా ఉందా అని సర్వర్‌ను అడిగాను. ఏనుగును కట్టేయడానికి స్తంభం అడిగినట్టు చూశాడు. "అలాంటివి లేవు సార్, ఒళ్లో పెట్టుకోండి" అని వెళ్లిపోయాడు.

నాకు మండింది అక్కడే. పిల్లల పుట్టువెంట్రుకలు తీయించడానికి తెలుగు జిల్లాల నుంచీ, తమిళనాడు, కర్ణాటకల నుంచీ జనం తొమ్మిదో నెలలోనో, పదకొండో నెలలోనో, మూడో ఏటనో పిల్లలను ఎత్తుకుని వచ్చే కొండ కింద ఉన్నాం మనం. కల్యాణకట్టలో గుండు గీయించుకుని దిగివచ్చిన పసివాళ్లలో ఎంతోమంది ఆకలి తీర్చుకునేది మన హోటళ్లలోనే. అంటే ఆ గుండ్ల పుణ్యమా అని గల్లాపెట్టెలు నిండుతున్నాయి. ఆ గుండ్లకు మాత్రం కుర్చీ లేదు! హాలులో బిగించిన ఒక్క ఏసీ ధర పెడితే అలాంటి కుర్చీలు నాలుగైదు సులువుగా వస్తాయి.

భోజనం సంగతి ఇంకా విచిత్రం. గోడ మీద బోర్డు ఉంటుంది: ఒక భోజనాన్ని ఇద్దరు పంచుకోరాదు. న్యాయమే. అపరిమితంగా వడ్డించే చోట ఒక టోకెన్ మీద ముగ్గురు తింటే యజమాని నష్టపోతాడు. కానీ ఈ ఇద్దరిలో రెండో మనిషి వయసు రెండేళ్లు. తినేది మూడు ముద్దలు, అందులో ఒకటి నా చొక్కాకు. ఒకసారి నా ఆకులోంచి పప్పన్నం కలిపి పెడుతుంటే మేనేజర్ వచ్చి "పాపకు వేరే మీల్స్ తీసుకోవాలి సార్" అన్నాడు. నేను కోపంతో మాట్లాడలేకపోయాను. మా పాప మాత్రం అతనికి ఒక మెతుకు అందించింది.

కారం గురించి చెప్పాలంటే మనది రాయలసీమ, కారం తగ్గించమని అడగడం మర్యాద కాదేమో అనిపిస్తుంది. సాంబారులో మిరప, చట్నీలో మిరప, అవి లేని పొంగలిలో మిరియాలు గింజలు గింజలుగా. వాటి పక్కనే జీడిపప్పు. గట్టి గింజలు, పప్పులు ఇంత చిన్నపిల్లల గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది కాబట్టి నేను కళ్లజోడు సరిచేసుకుని పొంగలిలో గనుల తవ్వకం మొదలుపెడతాను. తవ్వకం పూర్తయ్యేసరికి పాప ఉప్పు డబ్బా బోర్లించి ఉంటుంది. తాలింపు పెట్టని పప్పు ఒక గిన్నెడు, కాస్త నెయ్యి, మెత్తగా చిదిమిన అన్నం. ఇది ప్రత్యేక వంటకం కాదు, తాలింపు పెట్టే ముందు గరిటెడు తీసి పక్కన పెట్టడం. డబ్బు తీసుకోండి, వద్దని ఎవరన్నారు?

డైపర్ గురించి ఎత్తకూడదు కానీ ఎత్తుతాను. మా ఆవిడకు ఆదివారాలు కూడా డ్యూటీ ఉంటుంది, కాబట్టి పాపతో బయటికి వెళ్లేది చాలాసార్లు నేనే. మగవాళ్ల వైపు పిల్లలకు బట్టలు మార్చే బల్ల ఈ ఊళ్లో నేను వెళ్లిన ఏ హోటల్లోనూ కనపడలేదు. ఎయిర్ బైపాస్ రోడ్డులో చీకట్లో స్కూటర్ సీటు మీద డైపర్ మార్చిన అనుభవం నాకుంది. ఆ దారిన పోతున్న ఒక పెద్దావిడ ఆగి "తల్లి ఏది బాబూ?" అని నిలదీసింది. దొంగను పట్టుకున్నట్టే పట్టుకుంది పాపం.

ఇప్పుడు మన వైపు తప్పులు. అన్నీ హోటళ్ల మీద వేసేస్తే నాకే నిద్ర పట్టదు.

పిల్లలను బల్లల మధ్య పరుగెత్తనిచ్చి "మా వాడు భలే చురుకు" అని మురిసిపోయే తల్లిదండ్రులను చూస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది. సర్వర్ రెండు చేతుల్లో పొగలు కక్కే సాంబారు బకెట్లు, కాఫీ ట్రేలు ఉంటాయి. అతని కళ్లు బల్లల ఎత్తులో వెతుకుతాయి, మోకాలి ఎత్తులో కాదు. పసిపిల్లల చర్మం పెద్దల చర్మం కన్నా పలుచన. మనకు చురుక్కుమనే వేడికే వాళ్లకు లోతుగా కాలుతుంది. పొరపాటున తగిలితే పిల్లవాడికి గాయం, నిందేమో సర్వర్‌కు.

ఇక ఫోను. ఏడాది లోపు పిల్లలకూ, ఏడాది పిల్లలకూ తెర వద్దని, రెండేళ్లు వచ్చాక కూడా రోజుకు గంట దాటనివ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. నాకు తెలుసు. తెలిసే ఇచ్చాను, నిన్న కూడా. ఆర్డరు చెప్పిన ఇరవై అయిదు నిమిషాలకు గానీ ఇడ్లీ రాలేదు. ఆకలేసిన రెండేళ్ల పిల్లకు ఇరవై అయిదు నిమిషాలంటే ఒక యుగం. ముందు దాని ఇడ్లీ తెచ్చి, మాకు దోసె ఎప్పుడు తెచ్చినా ఫోను జేబులోనే ఉండేది. అయితే పాటల శబ్దం హాలంతా వినపడేలా పెట్టేవాళ్లను నేను సమర్థించను. అవతలి బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు మన పిల్లల కోసం చెవులు అద్దెకివ్వలేదు.

కింద పడిన మెతుకులు నేనే కాగితంతో తీస్తాను. అది గొప్ప పని కాదు, కానీ చాలామంది చేయరు. బల్ల తుడిచే మనిషి నడుము వంచి ఎన్ని బల్లల కింద ఏరాలి? వెళ్లేటప్పుడు టిప్పు సర్వర్‌కు ఇచ్చి ఊరుకుంటాం, మన పిల్లలు చేసిన బీభత్సం ఎత్తేది మాత్రం క్లీనర్.

"ఇంత కష్టపడి పిల్లలతో హోటల్‌కు రావడం ఎందుకు, ఇంట్లో తినొచ్చుగా" అనేవాళ్లకు ఒక మాట. తిరుమలలో వెంగమాంబ అన్నప్రసాద భవనానికి వెళ్లండి. నిత్యాన్నదానం 1985 నుంచి జరుగుతోంది. వేల మంది కూర్చుంటారు, ఆకు వేస్తారు, చక్కెర పొంగలి, అన్నం, సాంబారు, రసం, మజ్జిగ వస్తాయి. పిల్లలు ఏడుస్తారు, అన్నం చల్లుతారు, పక్కవాళ్ల ఆకులో చేయి పెడతారు. నేను వెళ్లిన ప్రతిసారీ చూశాను, ఎవరూ ముఖం చిట్లించరు. పంక్తి లేవగానే తుడిచేస్తారు, తర్వాతి పంక్తి కూర్చుంటుంది. పిల్లాడి అన్నానికి వేరే టోకెన్ అడిగేవాళ్లుండరు. అదే జనం కొండ దిగి, డబ్బు కట్టి ఏసీ హాలులో కూర్చున్నాక ఒక పసిపిల్ల ఏడిస్తే మెడలు తిప్పి చూస్తారు. డబ్బు కట్టామనేనా ఆ విసుగు? ప్రసాదం దగ్గర ఓపిక ఎక్కడి నుంచి వచ్చింది మరి?

ఇంత కోపం వెళ్లగక్కాక ఒక మంచి సంగతి చెప్పకపోతే పాపం తగులుతుంది. మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక చిన్న మెస్ ఉంది. ఆరే బల్లలు, ఏసీ లేదు, బోర్డు మీద అక్షరాలు సగం రాలిపోయాయి. నేను మొదటిసారి పాపతో వెళ్లినప్పుడు వంటింట్లోంచి యజమానురాలు చూసి, ఏమీ అడగకుండా మేడ మీదికి వెళ్లి, ఆవిడ మనవడి చెక్క కుర్చీ దించుకొచ్చింది. ముందు చెక్క అడ్డు ఉన్న పాతకాలపు కుర్చీ. తర్వాత గిన్నెలో పప్పన్నం, "కారం వేయలేదు నాయనా" అని. ఆ గిన్నెకు బిల్లు వేయమన్నా వేయలేదు.

వచ్చే ఆదివారం అక్కడికే వెళ్తాం. మా పాప ఆ కుర్చీ తనదేనని ఖాయం చేసుకుంది, పోయినసారి దించబోతే బల్ల పట్టుకుని ఏడ్చింది. ఆవిడ మనవడు సెలవులకు వస్తున్నాడట. ఆ రోజు ఏం జరుగుతుందో మీకు రాస్తాను.