ఇరవయ్యొక్క మార్కుల ధర్మశాస్త్రం

ఇంజినీరింగ్ చదువు చెడిపోయిందని వారానికొకరు పేపర్లో వాపోతూ ఉంటారు. వాళ్లలో ఒక్కరైనా యూనివర్సిటీ వాళ్ల అకడమిక్ రెగ్యులేషన్స్ తిరగేసి ఉంటారని నేననుకోను. తిరగేస్తే ఆ మాట అనరు. హైదరాబాద్ జేఎన్‌టీయూ వాళ్ల ఆర్-22 ఉంది చూడండి. 2022లో చేరిన బ్యాచ్‌తో మొదలైంది కాబట్టి ఆ పేరు. దానికి ముందు ఆర్-18, ఆర్-16, ఆర్-13, ఆర్-09. మన శాసనసభైనా ఐదేళ్లు ఆగుతుంది గానీ రెగ్యులేషన్‌కి అంత ఓపిక ఉండదు. ఇన్నిసార్లు కూర్చుని దిద్దినా విద్యార్థికి ఎక్కడా నొప్పి తగలకుండా రాశారంటే ఆ కలానికి దండం పెట్టాలి.

లెక్క చెబుతాను. సబ్జెక్టుకు 100 మార్కులు. అందులో 40 కాలేజీ చేతిలో ఉంటాయి, వాటిని ఇంటర్నల్స్ అంటారు. మిగతా 60కి సెమిస్టర్ చివర పరీక్ష. ఆ 60లో 35 శాతం, అంటే 21 తెచ్చుకుంటే గండం గడిచినట్టే. ఇంటర్నల్స్‌లో కూడా 14 రావాలని ఇంకో షరతు ఉంది గానీ, దాని గురించి ఎవరూ నిద్ర పాడుచేసుకున్న దాఖలా లేదు. మంచి కాలేజీ అయితే 39 వేస్తుంది. 40కి 40 వేస్తే చూడ్డానికి బాగుండదని ఒకటి తగ్గిస్తారు. మన విద్యాసంస్థల్లో క్రమశిక్షణ అంటే ఆ ఒక్క మార్కే.

39కి 21 కలిపితే 60. అది బి ప్లస్, 7 గ్రేడ్ పాయింట్లు. ఎనిమిది సెమిస్టర్లూ ఇదే వరసలో లాగిస్తే సీజీపీఏ, అంటే అన్నిటి గ్రేడ్ పాయింట్ల సగటు, 7. దాన్ని శాతంలోకి మార్చడానికి యూనివర్సిటీ ఒక సూత్రం ఇచ్చింది: సీజీపీఏలోంచి అర తీసేసి పదితో హెచ్చవేయాలి. వచ్చేది 65 శాతం.

ఇక్కడ కాసేపు ఆగి నమస్కారం పెట్టుకోవచ్చు. బయటి పరీక్షలో 60కి 21, అంటే 35 శాతం తెచ్చుకున్న కుర్రాడు 65 శాతం మనిషిగా గేటు దాటాడు. మధ్యలో ఎవరూ దొంగతనం చేయలేదు, ఎవరూ రికార్డులు దిద్దలేదు, అంతా రూలు ప్రకారమే జరిగింది. క్యాంపస్‌కి వచ్చే కంపెనీలు ‘సిక్స్‌టీ పర్సెంట్ త్రూఅవుట్, నో యాక్టివ్ బ్యాక్‌లాగ్స్’, అంటే మొదటి నుంచీ 60 శాతం ఉండాలి, తప్పిన సబ్జెక్టులు మిగలకూడదు అని గీత గీస్తాయి కదా, ఆ గీత దాటాక కూడా మనవాడి జేబులో ఇంకో 5 మిగిలి ఉంటుంది.

ఆ 21 మాత్రం ఎవరిస్తారు, కష్టపడాలి కదా అంటారేమో. పేపర్ ఒకసారి చూడండి. పార్ట్-ఎలో ఒక్కో మార్కు ప్రశ్నలు పది. పార్ట్-బిలో ఐదు యూనిట్లు, యూనిట్‌కి రెండు ప్రశ్నలు, ఏదో ఒకటి రాస్తే 10 మార్కులు. రెండు యూనిట్లు నమిలి, పార్ట్-ఎలో చేతికందినవి ఏరుకుంటే పని అయిపోయింది. మిగతా మూడు యూనిట్లు సిలబస్ కాపీకి నిండుదనం కోసం. ‘మూడో యూనిట్ లైట్ తీసుకున్నాన్రా’ అని పరీక్ష హాలు బయట చెప్పే కుర్రాడి ముఖంలో భయం కాదు, సేనాధిపతి ధీమా కనిపిస్తుంది. ఇక రాని ప్రశ్నకి పేజీ ఖాళీగా వదలకూడదన్నది సీనియర్ల నుంచి వచ్చిన ఉపదేశం. ఏమీ తోచకపోతే ప్రశ్ననే ఇంకో రకంగా రాసి, కింద ఒక డబ్బా గీసి, డబ్బాకి బాణం గీసి, పైన ‘ఫిగర్’ అని రాసి గీత కొట్టాలి.

ఆంధ్రా వైపు కాకినాడ, అనంతపురం జేఎన్‌టీయూల వాళ్లది ఇంటర్నల్స్‌కి 30, చివరి పరీక్షకి 70 వాటా. అక్కడ సెమిస్టర్ మధ్యలో పెట్టే రెండు మిడ్ పరీక్షల్లో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం వెయిటేజీ, తక్కువ వచ్చినదానికి 20 శాతం. ఒక మిడ్ టైమ్‌లో బాబాయి పెళ్లి పడినా మనిషి మునిగిపోడు. 2008లో జేఎన్‌టీయూ ముక్కలైంది గానీ దాని దయాగుణం ముక్కలు కాలేదు.

ఇంటర్నల్స్ ధారాళంగా వేస్తారని లెక్చరర్లని ఆడిపోసుకునే వాళ్లున్నారు. వాళ్లకి ఎండాకాలం సంగతి తెలియదు. మే నెలలో ప్రైవేట్ కాలేజీ లెక్చరర్ చేతికి ఒక ఫోన్ నంబర్ల జాబితా, ఒక టార్గెట్ వస్తాయి. ‘అమ్మా, మీ బాబుకి మా కాలేజీలో సీఎస్‌ఈ వస్తుందండీ, బస్సు మీ ఊరి మీదుగానే వెళ్తుందండీ’ అని ఇంటింటికీ ఫోన్ చేసి పిల్లాణ్ని తెచ్చుకున్న మనిషి, నవంబర్‌లో అదే పిల్లాడికి 40కి 16 వేయగలడా? వేసినా హెచ్‌ఓడీ గారు ఊరుకుంటారా? ‘మీ సబ్జెక్టులో పాస్ పర్సెంటేజీ ఎందుకు పడిపోయిందో రాసివ్వండి’ అని ఒక కాగితం ముందుకి తోస్తారు. పిల్లాడు ఫెయిలైతే సంజాయిషీ రాయాల్సింది పిల్లాడు కాదు, గమనించండి. కాబట్టి 39 అనేది విద్యార్థికి వచ్చిన మార్కులని అపోహ పడొద్దు. అవి లెక్చరర్ తన ఉద్యోగానికి కట్టుకునే ప్రీమియం.

ఈ సందర్భంలో మాల్‌ప్రాక్టీస్ రూల్స్ గురించి రెండు మాటలు చెప్పకపోతే పాపం తగులుతుంది. ఇంత చక్కని పట్టిక ఇంకెక్కడా లేదు. పరీక్ష హాల్లోకి మారణాయుధంతో వస్తే ఏం చేయాలి, తాగి వస్తే ఏం చేయాలి, ఆన్సర్ షీట్ చించేస్తే ఏం చేయాలి, అన్నీ వరసగా రాసిపెట్టారు. ముందుచూపు అంటే అదీ. అందులోనే, దయచేసి పాస్ చేయండని ఆన్సర్ షీట్‌లో ఎగ్జామినర్‌కి విన్నపం రాసుకోవడం కూడా నేరమే. అదే విన్నపం స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడి ‘సార్, ఒక్క రెండు మార్కులు చూడండి సార్, ప్లీజ్ సార్’ అని నోటితో చేస్తే నేరం కాదు. దాన్ని స్టూడెంట్-టీచర్ ఇంటరాక్షన్ అంటారు, కాలేజీలకి గ్రేడ్ ఇచ్చే నాక్ వాళ్ల రిపోర్టులో ఫొటోతో సహా పెట్టుకోవచ్చు.

ఇప్పుడు విద్యార్థి బాధ్యతలు. అన్నిటికన్నా పెద్ద బాధ్యత కనిపించడం. 75 శాతం హాజరు ఉండాలి. విన్నాడా, రాసుకున్నాడా, మేలుకునే ఉన్నాడా అని ఏ రూలూ అడగదు. శరీరం ఉంటే చాలు.

హాజరు తగ్గినవాళ్ల కోసం ఒక వెసులుబాటు ఉంది. దాన్ని వైద్యశాస్త్రం వాళ్లు తప్పకుండా పరిశోధించాలి. 65కి, 75కి మధ్యలో ఉన్నవాళ్లు సరైన కారణం చూపించి, కండోనేషన్ ఫీజు కడితే క్షమిస్తారు. 65 కంటే తగ్గితే మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ క్షమించేది లేదు. దీని ఫలితంగా మన కాలేజీల్లో టైఫాయిడ్ చాలా క్రమశిక్షణ నేర్చుకుంది. సెమిస్టర్ మొదట్లో ఎవరికీ రాదు. చివరి వారంలో కండోనేషన్ లిస్టు నోటీసు బోర్డు మీద పెట్టిన మధ్యాహ్నం, సరిగ్గా ఆ పది శాతం మధ్యలో ఉన్నవాళ్లని ఏరి పట్టుకుంటుంది. మర్నాటికి తేదీలతో సహా సర్టిఫికెట్లు వచ్చేస్తాయి. అన్నిట్లోనూ ఒకే చేతిరాత, ఒకే బస్టాండ్ పక్క క్లినిక్ స్టాంపు. ఒకసారి ఒక సెక్షన్లో సగం మందికి పచ్చకామెర్లు వచ్చినట్టు కాగితాలున్నాయి, పిల్లలు మాత్రం ఫేర్‌వెల్ ఫొటోల్లో నిగనిగలాడుతున్నారు.

అదే 64 శాతం ఉన్నవాడు నిజంగానే ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించుకుంటూ పడుకుని ఉన్నా, వాడి జబ్బుకి అకడమిక్ గుర్తింపు లేదు. డీటెయిన్. వచ్చే ఏడాది జూనియర్ల పక్కన కూర్చోవాలి. ఇది ఒక్కటీ వ్యంగ్యం కాదు. ఆ పిల్లవాడి ఇంట్లో వాళ్లు ప్రిన్సిపల్ గది బయట బెంచీ మీద రిపోర్టుల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం అప్పుడప్పుడూ కనిపిస్తుంది. లోపలి నుంచి వచ్చే జవాబు ‘రూల్ ఒప్పుకోదమ్మా’. జబ్బు లేనివాడికి వంగిన రూలు ఉన్నవాడి దగ్గర నిటారుగా నిలబడుతుంది.

సరే, బాధ్యతల్లోకి మళ్లీ వద్దాం. అసైన్‌మెంట్ ఉమ్మడి బాధ్యత. తరగతిలో ఒక అమ్మాయి రాస్తుంది, రాత్రి పదకొండింటికి గ్రూపులో ఫొటోలు పడతాయి, పొద్దున బస్సులో అరవై చేతులు కదులుతాయి. ఆ అమ్మాయి ఎక్కడైనా ప్లస్ బదులు మైనస్ వేస్తే అరవై మందీ ఐకమత్యంగా మైనస్సే వేస్తారు. దిద్దే ఆయన కూడా మొదటి షీట్ చూసి మిగతా యాభై తొమ్మిదింటికి టిక్కు పెట్టడం ద్వారా తన వంతు సహకారం అందిస్తారు.

ల్యాబ్ విషయానికొస్తే, సిలికాన్ డయోడ్ 0.7 వోల్టుల దగ్గర కండక్ట్ చేయడం మొదలుపెడుతుందని పుస్తకంలో ఉంది. మన ఎలక్ట్రానిక్స్ ల్యాబుల్లో ప్రతి బ్యాచ్‌కీ కచ్చితంగా 0.7 వస్తుంది. ప్రోబు తెగిపోయిన మీటర్లో కూడా వస్తుంది. పవర్ సప్లై ఆన్ చేయడం మర్చిపోయిన టేబుల్ దగ్గర కూడా వస్తుంది. గ్రాఫ్ ముందే గీసి, దాని మీద చుక్కలు పెట్టి, ఆ చుక్కల్లోంచి రీడింగులు రాబట్టి టేబుల్ నింపడం ఒక కళ. పొరపాటున ఎవడైనా నిజంగా కొలిచి 0.62 అని రాసుకొస్తే ‘సరిగ్గా చెయ్యి’ అని అబ్జర్వేషన్ బుక్ వెనక్కి తిరిగొస్తుంది. పాపం వాడు మళ్లీ వెళ్లి, సరిగ్గా చేసి, 0.7 రాసుకొస్తాడు.

పిల్లలు ఈ విద్య ఎక్కడ నేర్చారని అడిగితే నాకు పై గదులే కనిపిస్తాయి. ఇంజినీరింగ్ కోర్సులకి ఎన్‌బీఏ అనే సంస్థ ఇచ్చే గుర్తింపు కోసం ప్రతి సబ్జెక్టుకీ కోర్సు అవుట్‌కమ్స్ (సీఓ), అంటే అది చదివాక పిల్లాడికి ఏం రావాలో రాయాలి, వాటిని మొత్తం డిగ్రీకి రాసిన ప్రోగ్రామ్ అవుట్‌కమ్స్‌తో జత చేయాలి, చివరికి పిల్లలు ఎంత సాధించారో 3కి లెక్కగట్టి చూపాలి. క్వశ్చన్ పేపర్లో ప్రతి ప్రశ్న పక్కన సీఓ2 అని ఒక గడి, ఎల్3 అని ఇంకో గడి ఉంటాయి. ఎల్ అంటే 1956లో అమెరికాలో బెంజమిన్ బ్లూమ్ బృందం ప్రకటించిన ఆలోచనా స్థాయిల మెట్టు. ఎల్1 గుర్తు పెట్టుకోవడం, ఎల్3 అన్వయించడం. ‘ట్రాన్స్‌ఫార్మర్ అనగానేమి?’ అన్న ప్రశ్న పక్కన ఎల్3 అని రాస్తే అది అన్వయం అయిపోతుంది, బ్లూమ్ గారు వచ్చి అడగరు కదా. ఎన్‌బీఏ కమిటీ విజిట్‌కి ముందు రాత్రి పన్నెండింటి దాకా డిపార్ట్‌మెంట్‌లో ఎక్సెల్ షీట్లు నింపుతారు. అటెయిన్‌మెంట్ 3 చూపిస్తే కమిటీకి అనుమానం వస్తుంది, 1.5 చూపిస్తే మేనేజ్‌మెంట్‌కి కోపం వస్తుంది. అందుకని 2.4 దగ్గర ఆపి, అక్కడి నుంచి వెనక్కి లెక్క చేసుకుంటూ వస్తారు. లెక్చరర్ గారి 2.4కి, కుర్రాడి 0.7కి నాకైతే తేడా కనపడదు. ఒకరిది రికార్డు, ఒకరిది ఫైలు.

ఈ ధర్మశాస్త్రం సముద్రం దాటితే పనిచేయదన్నదే దీనికున్న లోటు. హైదరాబాద్‌లో కన్సల్టెన్సీలు ‘బ్యాక్‌లాగ్స్ ఉన్నా పర్వాలేదు’ అని బోర్డులు పెట్టి మరీ అమెరికా పంపుతున్నాయి. అక్కడ మొదటి క్లాసులోనే ప్రొఫెసర్ సిలబస్ అని పేజీలకు పేజీలు చేతిలో పెడతాడు. ఏ రోజు ఏం ఇవ్వాలి, ఆలస్యమైతే ఎంత కోత, పక్కవాడిది చూసి రాస్తే ఏ ఆఫీసుకి వెళ్లాలి, అన్నీ అందులోనే. మనవాడు దాన్ని బ్యాగులో పడేసి, పదిహేనో వారంలో ‘రెస్పెక్టెడ్ సర్, కైండ్‌లీ కన్సిడర్’ అని మెయిల్ పెడతాడు. జవాబుగా అదే సిలబస్ మళ్లీ వస్తుంది, ఐదో పేజీ చూడమని. మాస్టర్స్‌లో చాలాచోట్ల సగటు గ్రేడ్ 4కి 3.0 కంటే తగ్గితే ప్రొబేషన్, అంటే మెరుగుపడకపోతే ఇంటికే అన్న హెచ్చరిక. ఇంటర్నల్స్ వేసే సార్ ఎక్కడుంటారో వాకబు చేసినా లాభం లేదు, అలాంటి పోస్టే అక్కడ లేదు. ఇంత మానవత్వం లేని వ్యవస్థ దగ్గరికి మన పిల్లల్ని లక్షలు అప్పుచేసి ఎందుకు పంపుతున్నారో నాకు అర్థం కాదు.

కాబట్టి వచ్చే రెగ్యులేషన్‌కి నావి రెండు చిన్న సవరణలు. మొదటిది, కండోనేషన్‌ని హాజరుకే పరిమితం చేయడం అన్యాయం. దాన్ని చదువుకీ వర్తింపజేయాలి. 60కి 15 నుంచి 21 మధ్య వచ్చినవాళ్లు డాక్టర్ సర్టిఫికెట్‌తో పాటు నిర్ణీత ఫీజు కడితే, తెలియని యూనిట్లని తెలిసినట్టుగా పరిగణించాలి. రీవాల్యుయేషన్‌కీ, రీకౌంటింగ్‌కీ, సప్లిమెంటరీకీ ఎలాగూ ఫీజు కడుతున్నారు, అన్నీ ఒకే చలానాలో కట్టించుకుంటే పిల్లలకి బ్యాంకు చుట్టూ తిరిగే టెన్షన్ తప్పుతుంది.

రెండోది కొంచెం సున్నితమైన విషయం. మొదటి సవరణ అమలైతే అందరికీ లాభమే గానీ, కాలేజీ గేటు ఎదురుగా ఉండే జిరాక్స్ షాపాయన నష్టపోతాడు. మిడ్ ముందు రాత్రి ఆయన షట్టర్ సగం దించి, ‘ఇంపార్టెంట్స్ యూనిట్ వైజ్, ఆర్-22 వేరు, ఆర్-18 సప్లీ వేరు’ అని కట్టలు విడదీసి పెడతాడు. ఏ ప్రశ్న ఏ ఏడాది వచ్చిందో, ఈసారి ఏది పడుతుందో క్వశ్చన్ పేపర్ తయారు చేసే వాళ్లకంటే బాగా ఆయనకే తెలుసు. మొత్తం సిలబస్ ఐదు యూనిట్లూ చేతులారా తిప్పింది మన ఊళ్లో ఆయనొక్కడే. అటానమస్ కాలేజీల్లో సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో పరిశ్రమ నుంచి ఒక నిపుణుడు ఉండాలని నిబంధన ఉంది కదా, ఆ కుర్చీ ఆయనకివ్వాలి. మీటింగ్‌కి కావాల్సిన కాపీలు కూడా ఆయనే తెచ్చుకుంటాడు.