సవరణ: ఉండిపోవడం వేరు, నచ్చడం వేరు

కాలేజీ, యూనివర్సిటీ ఉద్యోగుల గురించి క్రితంసారి రాసినప్పుడు, "20 ఏళ్లుగా ఒకేచోట ఉన్నారంటే ఆ ఉద్యోగం నచ్చినట్టే, సంస్థ మీద నిబద్ధత ఉన్నట్టే" అన్నాను. అది తప్పు.

సంతృప్తి అనేది చేసే పనికి సంబంధించింది, నిబద్ధత సంస్థతో ఉన్న ముడి. పాఠం చెప్పడమంటే ప్రాణంపెట్టే లెక్చరర్‌కే యాజమాన్యం పేరెత్తితే చిరాకు రావచ్చు.

ఆ ముడి కూడా ఒక్క రకం కాదు. మేయర్, అలెన్ అనే పరిశోధకులు 1991లో దాన్ని మూడుగా విడదీశారు: ఇష్టంతో ఉండటం, వదిలితే నష్టమని ఉండటం, ఉండటం తన బాధ్యత అనుకుని ఉండటం. నేను గొప్పగా చెప్పిన 20 ఏళ్లలో రెండోది ఎంతుందో ఎవరికి తెలుసు? ఈ వయసులో ఇంకెవరు తీసుకుంటారన్న టెన్షన్‌తో, రాజీనామా లేఖ రాసి సొరుగులో దాచుకున్న మనిషి కూడా రోజూ హాజరు పట్టీలో సంతకం పెడతాడు. పైకి తేడా కనిపించదు.

జీతం పెంచితే సంతృప్తి దానంతటదే వస్తుందన్న వాక్యానికి మనస్తత్వవేత్త హెర్జ్‌బర్గ్ పేరు తగిలించడం నేను చేసిన ఇంకో పొరపాటు. 1959లో ఆయన చెప్పింది దాదాపు ఉల్టా. జీతం సరిగా లేకపోతే అసంతృప్తి వస్తుంది, కానీ సంతృప్తినిచ్చేవి ముఖ్యంగా పని, సాధించామన్న భావన, గుర్తింపు. పైగా ఆయన మాట్లాడింది ఇంజినీర్లు, అకౌంటెంట్లతో, అధ్యాపకులతో కాదు.

అన్నట్టు, అప్పుడు "సిబ్బంది" అని శీర్షిక పెట్టి మొత్తం అధ్యాపకుల గురించే రాశాను. ల్యాబ్, లైబ్రరీ, పరీక్షల విభాగాల వాళ్లకు అదంతా వర్తిస్తుందని అనుకోవద్దు.